కొయ్య తాగిన నీళ్ళు

ఆమెకి కన్నం కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. గోడలో మేకు పీకిన చోటైనా సరే, తలుపు చెక్కకి పట్టిన పగులైనా సరే, మూసేదాకా మనసు మనసులో ఉండదు. పడవల యార్డులో అందరూ ఆమెని కిందావిడ అంటారు. ఆమె మొగుణ్ణి పైవాడంటారు. ఎవరైనా ఒళ్ళు విరుచుకుంటూ "అంతా పైవాడి దయ" అనగానే పక్కనున్నవాడు తలెత్తి, ఆకాశంలో తాడుకి వేలాడుతున్న ఆ మనిషి వంక చూసి నవ్వడం అక్కడ ఎప్పుడో పాతబడిన హాస్యం. పాతబడిందని ఎవరూ మానలేదు.

ఆ పేర్లు వాళ్ళ పనిని బట్టి వచ్చాయి. తెరచాప పడవ నడుమ నిలబెట్టే పొడుగాటి స్తంభాన్ని అక్కడివాళ్ళు కొయ్య అంటారు. అందులో కొయ్య మచ్చుకైనా లేదు. ఒకప్పుడు చెట్టు మానుతో చేసేవాళ్ళు కనుక ఆ పేరు పట్టుకుని వేలాడుతున్నారు గానీ, ఇప్పుడది లోపలంతా బోలుగా ఉండే అల్యూమినియం గొట్టం. పడవ డెక్కుని చీల్చుకుని లోపలి గదిలోకి దిగి, గది నేల కింద, పడవ అడుగున ఒక ఇనప దిమ్మ మీద కాలు మోపి నిలబడుతుంది. పైకొసన దీపం, రేడియో వైరు, తాళ్ళు తిరిగే కప్పీలు ఉంటాయి. ఆ కొసన చేసే పనంతా మొగుడిది. డెక్కు దగ్గర్నించి కిందికి, నీళ్ళు కారకుండా చూసే పనంతా పెళ్ళానిది. జుట్టు నల్లగా ఉన్నప్పటి నుంచి తెల్లబడేదాకా ఒకే కొయ్యకి చెరో కొసనా కాపరం చేసిన జంట అది.

నీళ్ళ సంగతి ఆమెకి పుట్టింట్లోనే అబ్బింది. ఆమె తండ్రి ఇళ్ళ పైకప్పులు బాగుచేసేవాడు. తల్లి లేని పిల్ల కావడంతో, నిచ్చెన కింద కూచోబెట్టి పని చేసుకునేవాడు. ఒకసారి ఒక ఇంట్లో వంటగది గోడ ఎప్పుడూ చెమ్మగా ఉంటోందని పిలిచారు. ఇంటివాళ్ళంతా వంటగది మీది పెంకుల్ని తిట్టుకుంటున్నారు. తండ్రి వాటి జోలికే పోలేదు. ఇల్లంతా తిరిగి తిరిగి, ఆ చివరెక్కడో పడగ్గది మీదున్న పొగగొట్టం మొదట్లో వెంట్రుకంత పగులు చూపించాడు. అక్కడ పడిన వాన దూలం పట్టుకుని బయల్దేరి, గోడలు దాటి, ఒక మేకు దగ్గర ఆగి, అక్కణ్ణించి వంటగదిలోకి దిగుతోంది.

"నీళ్ళు నడుస్తాయా నాన్నా?" అంది పిల్ల.

"నడవక? మనకంటే నిదానంగా నడుస్తాయి. దారి దొరక్కపోతే దొరికేదాకా అక్కడే కూచుంటాయి. మనలా కంగారుపడవు," అన్నాడు తండ్రి.

ఆ రోజు నుంచి ఆమెకి నీళ్ళంటే భయమూ భక్తీ రెండూ. ఎక్కడో పుట్టిన చుక్క ఎవరికంటా పడకుండా అంత దూరం వచ్చి, తన ముందు తేలిందంటే ఒళ్ళు జలదరించేది. ముసలితనం వచ్చినా ఆ జలదరింపు పోలేదు. దాంతోపాటే ఒక మొండితనం కూడా పట్టుకుంది. నీళ్ళని నమ్మకూడదు, వాటికి సందివ్వకూడదు. ఈ ఒక్క ముక్క మీద ఆమెతో వాదించి గెలిచినవాణ్ణి నేను చూడలేదు.

పెళ్ళి కూడా నీళ్ళ మూలంగానే జరిగింది. యార్డు షెడ్డు కారుతోందని తండ్రిని పిలిస్తే వెంట వచ్చింది. తలెత్తకుండా నడుస్తున్న పిల్ల పక్కన పైనుంచి ఒక స్పానరు ధభీమని పడింది. అది జారవిడిచిన మనిషి కొయ్య దిగొచ్చేదాకా అక్కడే నిలబడి, వాడి ఏడు తరాలనీ ఏకిపారేసింది. అంత ఎత్తున వేలాడినవాడు తీరా నేల మీదికి వచ్చాక చూస్తే తన భుజం దాకా కూడా లేడు. నవ్వొచ్చింది. నవ్వితే ఇంకేముంది, వ్యవహారం చేయి దాటిపోయింది.

అప్పట్నించి ఆమె పని పడవల్లోనే. ఎక్కడైనా కారుతోందంటే ముందు అంతా పొడిగా తుడిచి, సుద్దపొడి చల్లి, ఒక మూల బోర్లా పడుకుని చూసేది. మనుషులు విసిగిపోయి టీలు తాగి వచ్చేవాళ్ళు. ఆమె కదిలేది కాదు. ఎప్పటికో ఒక చుక్క దిగి, పొడి మీద సన్నటి చార గీసుకుంటూ పోయేది. ఆ చార వెనక్కి పట్టుకుని పోయి, కన్నం దొరికించుకుని, సందులు పూడ్చే సిలికాన్ జిగురు పెట్టి, బొటనవేలు నాలుక్కి తడి చేసుకుని ఒక్క నొక్కు నొక్కేది. ఆ వేలిముద్ర ఉందంటే ఆ పడవ ఇంక కారదని యార్డంతా నమ్మకం. కారేది కూడా కాదు.

మరి మొగుడి సంగతి? అతని పని ఎవరు చూడొచ్చారు కనుక! పైకి పోయాడు, వచ్చాడు, దీపం వెలిగింది, తాడు తిరిగింది, అంతే. పెళ్ళాం కూడా చూడలేదు. ఆమెకి ఎత్తంటే ప్రాణం మీదికి వస్తుంది. స్టూలెక్కి బల్బు మార్చమంటే పక్కింటావిణ్ణి పిలుస్తుంది. అందుకని అతను పైకి పోయిన ప్రతిసారీ, "పో, పోయి గాలి తినిరా," అని సాగనంపేది. వాళ్ళ మధ్య ఎప్పుడూ తెగని తగాదా ఒక్కటే. కప్పీలున్న చోట ఆ సందులు మూసెయ్యవేమని ఆమె అడిగేది.

"తాడు తిరగాలంటే సందుండాలి కదే," అనేవాడు అతను.

"సందుంటే వాన పడదూ?"

"పడుతుంది. కొయ్యన్నాక తాగుతుంది. తాగనీ."

"నీకేం, తాగనీ అంటావు. కింద చచ్చేది నేను," అని ఆమె తువ్వాలు విదిలించుకుంటూ పోయేది. పనెగ్గొట్టడానికి దొరికిన సాకని ఆమె లోపల్లోపల గట్టిగా నమ్మింది.

వాళ్ళకి ఒక్కతే కూతురు. పళ్ళ డాక్టరు దగ్గర కట్టుడుపళ్ళు తయారుచేసే కుర్రాణ్ణి చేసుకుంది. అల్లుడు మంచివాడు, చేతిపని తెలిసినవాడు, చెక్క కనిపిస్తే ఏదో ఒకటి చేసేదాకా ఊరుకోడు. ఆ ఇద్దరూ ఒక పాత తెరచాప పడవ తీసుకుని, దాన్నే ఇల్లు చేసుకున్నారు. కొయ్య సిద్ధం చేసింది మామగారు. ఆ తరవాత ఆయన మోకాళ్ళు మొరాయించాయి. అంటే పైవాడు చివరిసారి పైకి పోయింది కన్నకూతురి పడవ మీదే.

కాపరం పెట్టిన కొత్తలోనే కూతురు, "అమ్మా, కొయ్య మొదట్లో నేల కింద ఎప్పుడూ కొంచెం తడి ఉంటోందే," అంది. ఊళ్ళో వాళ్ళ పడవలన్నీ పొడిగా ఉంచి కన్నకూతురి ఇంట్లో తడా? కిందావిడ నేల పలక తీసి, బోర్లా పడుకుని, ఏదో మూసింది. తడి ఆగిపోయింది. అల్లుడు సంబరపడి, గదిలో కనిపిస్తున్న కొయ్యని పైనుంచి కిందిదాకా చెక్కలతో కప్పి, చుట్టూ చిన్న అరలు కట్టాడు. పక్కనే మంచం వేసుకున్నారు. చూడముచ్చటగా ఉండేది.

రెండో వానాకాలంలో మంచం మీద చుక్కలు పడ్డాయి. చెక్కల పైఅంచు దగ్గర, సరిగ్గా సీలింగుకి కింద తడి కనిపించింది. ఇంకేముంది, డెక్కు దగ్గర కొయ్య చుట్టూ ఉండే రబ్బరు పట్టీ పాడైందని ఆమె తేల్చేసింది. మార్చింది. వాన వెలిసినా చుక్కలు ఆగలేదు. మళ్ళీ మార్చింది. దాని మీద సిలికాన్ పెట్టింది, దాని మీద గుడ్డ చుట్టింది, దాని మీద మళ్ళీ సిలికాన్. వాన పడ్డ మర్నాడు, ఆకాశం నిర్మలంగా ఉన్నప్పుడు కూడా మంచం మీద టప్ టప్ మంటూనే ఉంది. సుద్దపొడి చల్లి చూస్తే చార చెక్కల వెనక్కి పోయి మాయమయ్యేది. ఆమె తల ప్రాణం తోకకొచ్చింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం నలుగురూ పడవలో భోంచేస్తుంటే అల్లుడు కాసేపు నీళ్ళు నమిలి, చివరికి బయటపడ్డాడు.

"మావయ్యా, తప్పుగా అనుకోకండి. అత్తయ్య కింద అన్నీ చూశారు. ఇంక పైనే ఏదైనా తేడా ఉందేమోనని... ఇంకో మేస్త్రిని పిలిచాను. ఎల్లుండి వస్తానన్నాడు. పైన వైర్లూ అవీ మొత్తం ఊడదీసి కొత్తవి వేస్తాడట."

ముసలాయన పెళ్ళాం వంక చూశాడు. ఆవిడ ఒక్క మాట అడ్డం వేస్తే సరిపోయేది. ఆవిడ వెయ్యలేదు.

"నీ కళ్ళు సరిగ్గా ఆనడం లేదని అప్పుడే అన్నాను. వినిపించుకుంటేగా," అంది.

ఆయన చెంచా పళ్ళెం పక్కన పెట్టి, నీళ్ళు తాగి లేచాడు. ఇంటికొచ్చి కిటికీకి వీపు పెట్టి కూచున్నాడు. వాళ్ళ మూడో అంతస్తు కిటికీలోంచి యార్డులో కొయ్యలన్నీ కనిపిస్తాయి. ప్రతి కొసనా ఆయన చేతిపనే. మర్నాడు పొద్దున్న టీ చల్లారిపోయినా ముట్టుకోలేదు. "నాకు కనపడలేదేమోనే. అప్పటికే మసకగా ఉండేది. ఒక్కటి తప్పానంటే ఇంకెన్ని తప్పానో. అన్ని పడవలూ నీళ్ళ మీదే ఉన్నాయి," అన్నాడు గోడతో చెబుతున్నట్టు.

విసురుగా అన్న మాట మనిషిని ఇలా కూలేస్తుందని ఆమె అనుకోలేదు. అయినా తప్పు ఆయనదే అనే నమ్మకం మాత్రం సడల్లేదు, అదీ చిత్రం. రేపు ఆ కొత్తవాడు పైకి పోతాడు. చూస్తాడు. దిగొచ్చి, ముసలాడు ఇలా చేశాడని యార్డంతా టముకు వేస్తాడు. ఒక జీవితకాలం సంపాదించుకున్న పేరు ఒక్క పూటలో గంగలో కలిసిపోతుంది. అలా జరగడానికి వీల్లేదు. వాడికంటే ముందు తనే పోవాలి. ఉన్న తప్పేదో తనే చూసి, గుట్టుచప్పుడు కాకుండా మూసి రావాలి.

"ఎక్కడికి?" అన్నాడు ఆయన, చెప్పులేసుకుంటుంటే.

"పిల్ల దగ్గరికి. ఉతికిన దుప్పట్లు ఇచ్చొస్తా," అంది.

పడవ దగ్గర సంగతి చెబితే కూతురు నోరు వెళ్ళబెట్టింది. "నువ్వా? పైకా? అమ్మా, నీకు స్టూలెక్కితేనే కళ్ళు తిరుగుతాయి."

"తిరిగితే తిరుగుతాయి. పైన చూసేవాళ్ళెవరున్నారు?" అంది తల్లి. అల్లుడు ఎంత నచ్చజెప్పినా చెవినపెట్టలేదు. చివరికి అతను గుడ్డతో కుట్టిన వేలాడే కుర్చీ తెచ్చి, ఆమెని కూచోబెట్టి, పట్టీలన్నీ లాగి లాగి చూశాడు. చేతికి టార్చి ఇచ్చాడు. సందుల్లోకి చూడ్డానికి పనికొస్తుందని, తన పనిలో వాడే చిన్న అద్దం కూడా ఇచ్చాడు. పళ్ళ డాక్టర్లు నోట్లో పెట్టి చూసే, పుల్లకి బిగించిన రూపాయి బిళ్ళంత అద్దం అది. కూతురూ అల్లుడూ చెరోపక్కా మర హ్యాండిల్ పట్టుకుని, కుర్చీకి కట్టిన తాడు చుట్టడం మొదలుపెట్టారు.

పాదాలు డెక్కు వదలగానే ఆమె పైప్రాణాలు పైనే పోయాయి. కళ్ళు గట్టిగా మూసుకుని, కొయ్యని రెండు చేతులా కావిలించుకుంది. అంతకాలం కింద కూచుని తిట్టిపోసిన కొయ్యే ఇప్పుడు దిక్కయింది. చుట్టూ తాళ్ళు ఈలలు వేస్తున్నాయి. లోహం చెంపకి చల్లగా తగులుతోంది. లోపల ఏదో సన్నగా మోగుతోంది, గాలి తగిలినప్పుడల్లా ఎక్కువవుతోంది. కింద పనిచేస్తూ ఎన్నోసార్లు విన్న మోతే అది. పుట్టేది ఇక్కడన్నమాట అనుకుంది. భయంలోనూ ఆ సంగతి బాగుందనిపించింది.

కుర్చీ ఆగింది. "అత్తయ్యా, కొసకొచ్చేశారు!" అని ఎక్కడో పాతాళంలోంచి వినిపించింది.

కళ్ళు తెరిచింది. ముందు కనిపించింది నీళ్ళు. ఇన్నేళ్ళూ చుక్క చుక్కగా వెంటాడిన నీళ్ళు, కంటికి ఆనినంత మేర పరుచుకుని, అంచు దగ్గర కొంచెం వంగి మెరుస్తున్నాయి. పడవలన్నీ ఒక పక్కకి ఒదిగి ఉన్నాయి. తను నానా తంటాలు పడి పొడిగా ఉంచిన పడవలు ఆ నీళ్ళ ముందు ఎంత చిన్నవో ఆమె ఇప్పుడు చూసింది. కొయ్య నెమ్మదిగా అటూ ఇటూ ఒరుగుతోంది. దానితోపాటు తనూ ఒరుగుతోంది. ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. గాలి తినడం అని వెక్కిరించిన మనిషి గుర్తొచ్చి సిగ్గేసింది. రోజూ ఇంత పెద్దదాన్ని చూసి, సాయంత్రం ఇంటికొచ్చి, ఏమీ ఎరగనట్టు బంగాళాదుంపలు ఎలా తరిగేవాడో ఆమెకి బోధపడలేదు.

కాసేపటికి వచ్చిన పని గుర్తొచ్చింది. తప్పు ఎక్కడుందో వెతకాలి. మెడ సారించి చూసింది.

దీపం వైరూ రేడియో వైరూ నేరుగా లోపలికి పోలేదు. ప్రతిదీ కొయ్యలోకి దూరేముందు కిందికి వేలాడి, చిన్న ఉయ్యాలలా వంగి, మళ్ళీ పైకి లేచి కన్నంలోకి పోతోంది. ఎందుకో ఆమెకి ఒక్క చూపులో అర్థమైంది. వైరు పట్టుకుని వచ్చే వాన ఆ వంపు దగ్గరకొచ్చి, పైకి ఎక్కలేక, అక్కణ్ణించే బయటికి రాలిపోతుంది. కన్నాల అంచులు వేలు తెగకుండా నున్నగా అరగదీసి ఉన్నాయి. వైరు రాసుకునే ప్రతిచోటా తోలు ముక్క చుట్టి, మైనం పట్టించిన దారంతో కుట్టాడు. ఆమె ఆ కుట్ల దగ్గరికి మొహం పెట్టి చూసింది. కంటికి కనిపించనంత సన్నగా, ఒకదాని పక్కన ఒకటి, ఎక్కడా పొల్లు పోకుండా ఉన్నాయి. దారం కొసలు కూడా కనిపించకుండా లోపలికి మడిచాడు. ఎండకి తోలు వెలిసిపోయింది గానీ, ఒక్క కుట్టు ఊడలేదు. పక్షులు తప్ప ఎవరూ రాని చోట, మోకాళ్ళు నొప్పులు పుడుతుంటే, కళ్ళు మసకలు కమ్ముతుంటే, ఈ చలిగాలిలో వేలాడుతూ కూచుని కుట్టాడు. ఆమె ఆ కుట్ల మీద బొటనవేలు పెట్టి నిమిరింది. తప్పు కోసం వచ్చిన మనిషికి తప్పు దొరకలేదు.

మిగిలినవి కప్పీల సందులే. తాడు తిరగాలంటే సందుండాలి, నిజమే మరి, చూస్తే తెలుస్తూనే ఉంది. ఒక సందులోకి అద్దం పెట్టి, టార్చి వెలుగు దాని మీద పడేలా అటూ ఇటూ తిప్పింది. కొయ్య లోపలంతా చీకటి. తాళ్ళు, వైర్లు నిటారుగా దిగిపోతున్నాయి. ఇంకా లోతుకి, ఇంకా లోతుకి చూస్తూ పోయింది. అట్టడుగున ఒక దీపం కనిపించింది.

లోపలెవరో దీపం పట్టుకుని తన వంక చూస్తున్నారు. చెయ్యి వణికింది. దీపమూ వణికింది. టార్చి పక్కకి తిప్పింది. దీపం పోయింది. మళ్ళీ తిప్పితే మళ్ళీ వచ్చింది.

నీళ్ళు. తన వెలుగు నీళ్ళ మీద పడి తిరిగొస్తోంది. ఆకాశంలో వేలాడుతూ ఆమె ఒక బావిలోకి తొంగి చూస్తోంది. సముద్రం బయట ఉంటే, ఇక్కడ గొట్టం లోపల ఇంకో చిన్న సముద్రం ఎవరికీ చెప్పకుండా నిలబడి ఉంది. ఎన్ని వానలు కలిస్తే అంతయి ఉంటుందో. కొయ్యన్నాక తాగుతుంది అన్నాడు ఆయన. అన్ని కొయ్యలూ తాగుతాయి. మరి తాగింది ఎటు పోతుంది?

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకి. కొయ్య మొదట్లో, ఇనప దిమ్మకి కాస్త పైన, చిటికెన వేలంత కన్నం. అక్కణ్ణించి కారిన కాస్త తడీ పడవ అడుగుకి చేరితే పంపు తోడిపారేస్తుంది. నీళ్ళు పోవడానికే పెట్టిన కన్నం అది. ఆ కాస్త తడికి మిగతా పడవలవాళ్ళెవరూ ఎప్పుడూ తనని పిలవలేదు. తను దాన్ని చూసి, కన్నం కదా అని, కూతురి ఇల్లు కదా అని మూసింది. నీళ్ళు దారి దొరక్క అక్కడే కూచున్నాయి. ఒక్కో వానకీ ఒక్కో మెట్టెక్కి, గదిలోకి వైర్లు వచ్చే కన్నం దాకా లేచి, చెక్కల వెనకనించి పొర్లి మంచం మీద పడుతున్నాయి. రబ్బరు పట్టీ ఏ పాపం ఎరగదు. పైవాడూ ఎరగడు.

"దింపండి," అని అరిచింది.

దిగగానే లోపలికి పోయి అల్లుడి చేత చెక్కలు ఊడదీయించింది. చేతి కణుపులతో కొయ్యని తట్టింది. సీలింగు దగ్గర వైర్ల కన్నానికి పైన ఖంగుమని మోగింది. దాని కిందికి రాగానే మోత చచ్చిపోయి, నేల దాకా మొద్దుగా పలికింది. కూతురూ అల్లుడూ మొహాలు చూసుకున్నారు. ఇంతకాలం వాళ్ళు తలపెట్టి పడుకున్నది నిలబడిన నీళ్ళ పక్కన.

నేల పలక తీసి, ఆమె బోర్లా పడుకుని టార్చి వేసింది. తెల్లటి సిలికాన్ బిళ్ళ, దాని మీద చెక్కుచెదరని బొటనవేలి ముద్ర. చుట్టూ అల్యూమినియం తెల్లగా పొడి పూసింది. ఉప్పుగాలి కలిసిన నీళ్ళు నిలవుంటే లోహాన్ని తింటాయి. ఇంకో రెండు వానాకాలాలు ఆగి ఉంటే కొయ్య మొదలు బిస్కెట్టులా విరిగేది. గాలి పట్టిన తెరచాపతో సహా అది డెక్కు మీద ఎవరి నెత్తిన పడేదో ఆమె ఆలోచించబోయి, మానుకుంది. స్క్రూడ్రైవరు మొన పెట్టి ఆ బిళ్ళని పొడిచింది.

నీళ్ళు ఎగిరొచ్చి ఆమె మొహాన కొట్టాయి. ముందు మడ్డి రంగులో, కుళ్ళు వాసనతో, తరవాత పలచబడి, తరవాత తేటగా, ధార తగ్గకుండా వచ్చాయి. కూతురు బకెట్ మీద బకెట్ పట్టింది. కొయ్య పైనుంచి గాలి పీల్చుకుంటూ దీర్ఘంగా మూలిగింది. రెండు వానాకాలాలు పడిన వానలు, ఎప్పుడో మరిచిపోయిన మబ్బులు, ఒకదాని వెనక ఒకటి వరసకట్టి ఆ చిటికెన వేలంత కన్నంలోంచి వెలుతుర్లోకి వస్తున్నాయి. ధార సన్నబడి, చుక్కలై, ఆ చుక్కలు కూడా దూరదూరంగా పడేదాకా ముగ్గురూ మోకాళ్ళ మీద కూచుని చూస్తూ ఉండిపోయారు.

"అత్తయ్యా, దీన్ని ఎవరు మూశారు?" అన్నాడు అల్లుడు.

"నేనే," అంది ఆమె. మొహం తుడుచుకోలేదు. "ఆ మేస్త్రికి ఫోన్ చేసి రావద్దని చెప్పు బాబూ. పైన మీ మావయ్య చేసిందాంట్లో వేలు పెట్టడానికేం లేదు. ఎండలు రాగానే కొయ్య పైకి లేపించి మొదలు చూద్దాం. ఈ లోపల దీని దగ్గరికి నేనొచ్చినా సరే, సిలికాన్ ఉంటే చేతిలోంచి లాక్కోండి."

"నాన్నకి నేను చెప్పనా?" అంది కూతురు.

"నేను చెప్పుకోవాల్సింది," అని తల్లి తడి బట్టలతోనే బయల్దేరింది.

మూడంతస్తుల మెట్లూ ఎక్కి వచ్చేసరికి ఆయన వంటగదిలో ఉన్నాడు. ఏదో తరుగుతున్నట్టు కత్తి పట్టుకున్నాడు గానీ తరగడం లేదు. జుట్టులోంచి నీళ్ళు కారుతున్న పెళ్ళాన్ని ఎగాదిగా చూశాడు.

"వాన పడలేదే. ఎక్కడ తడిశావు?"

ఆమె కుర్చీ లాక్కుని ఎదురుగా కూచుని, ఉన్నదున్నట్టు చెప్పేసింది. మొదట్లో కన్నం తను మూసిందని, నీళ్ళు నిలవున్నాయని, కళ్ళు ఆనడం లేదని ఆయన్ని అన్నది తప్పని చెప్పింది. తిడతాడని ఎదురుచూసింది. ఆయన తిట్టలేదు. అసలు ఆ మాటలు ఆయన చెవికెక్కినట్టే లేదు.

"నువ్వు పైకి పోయావా?" అన్నాడు.

"పోయాను."

"కొస దాకా?"

"కొస దాకా."

ఆయన కత్తి కింద పెట్టాడు. అడగాలో వద్దో తెలియనట్టు, "తోలు కుట్లు... ఉన్నాయా?" అన్నాడు.

"ఒక్కటీ ఊడలేదు. వేలు పెట్టి చూశాను. నీ కళ్ళకేం రోగం? నా కళ్ళకే కనపళ్ళేదు ఇన్నాళ్ళూ." ఆమె తడి చెంగుతో మొహం తుడుచుకుంది. "ఏమయ్యా, ఎవరూ చూడని చోట అంత ఇదిగా ఎందుకు కుట్టావు? ఒక్క పడవకి కాదు, అన్నిటికీ అలాగే కుట్టి ఉంటావు. ఎవరు చూస్తారని?"

ఆయనకి ఆ ప్రశ్న వింతగా తోచింది. ఇంత తెలిసిన మనిషికి ఇది మాత్రం తెలియకపోవడమేమిటన్నట్టు చూశాడు.

"ఎవరో చూడాలని కాదే," అన్నాడు. "పైనుంచి జారిన చుక్క ఎంత చుట్టు తిరిగినా చివరికి నీ దగ్గరికే కదా వచ్చేది. అందుకని."